తంగేడు పసుపు, గునుగు తెలుపు

పెత్రమాస దగ్గరపడేసరికి వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో తంగేడు విరగబూస్తుంది. గద్వాల వైపు చేలల్లో గునుగు తలలెత్తుతుంది. చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఎందుకని?

ఆ సింగారం మన కోసం కాదు. తంగేడు పువ్వులో తుమ్మెదలకు దొరికేది పుప్పొడి. అవి కేసరాలను పట్టుకుని గుయ్యిమని వణికిస్తే కొనలోని కన్నాల్లోంచి పుప్పొడి రాలుతుంది. ఆ పసుపు వాటికి పిలుపు. తేనెటీగలకు రంగులు తెలుస్తాయని 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. ఎరుపు వాటికి సరిగా ఆనదు. మనకు కనబడని అతినీలలోహిత కాంతి మాత్రం కనబడుతుంది.

మరి మన సంగతి? కంటి లోపలి పొరలో రంగును పసిగట్టే కణాలు మూడు రకాలు. పట్టపగలు మన చూపు అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర. తంగేడు పసుపు దానికి పక్కనే ఉంటుంది. ఇక ఎరుపునూ పచ్చనూ వేరుచేసే చూపు, ఆకుల మధ్య పండును పోల్చుకోవడానికి కోతి జాతికి అక్కరకొచ్చి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ చూపే మనకూ దక్కింది.

అందుకే పువ్వు అందంలో సగం దాని వెనకనున్న రంగుదే అంటాను. గద్వాల చీరలో పట్టు అంచు మెరిసేది నూలు ఒడలు వేరే రంగులో ఉన్నప్పుడే కదా! నల్లమలలో మోదుగను చూడండి. ఆకంతా రాల్చేసి, ఉత్త కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. తేనె కోసం పిట్టలు వాలతాయి. మైలు దూరాన ఉన్నా మన చూపు అక్కడికే పోతుంది.

గునుగుది ఇంకో గుణం. దాని రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి కనుక కోసినా తొందరగా వాడవు. బతుకమ్మకు అంతకన్నా ఏం కావాలి? రైతన్నలారా, చేనులో కలుపు తీసినా గట్టు మీది గునుగును మాత్రం మందు కొట్టి చంపకండి.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. మసక చీకట్లో మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపు. సందెవేళ బతుకమ్మ ఎత్తేటప్పటికి ముదురు ఎర్ర పూలు చీకట్లో కలిసిపోతాయి. వాటి పక్క వరుసలో రంగు అద్దని తెల్ల గునుగు పేర్చండి. దీపం పెట్టకముందే ఆ వరుస తేటగా కనబడుతుంది.