కొండ దగ్గర బస, ఉమ్మడి నీళ్లు

నరసరావుపేట సమీపంలో బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలతో వెలసిన కోటప్పకొండకు మహాశివరాత్రి తిరునాళ్లలో ప్రభలతో తరలివచ్చే జనానికి కొండ దిగువనున్న సత్రాలు ఆశ్రయమిస్తుండగా, ఆ రద్దీలో గది కంటే ముందు నీటి వసతిని విచారించుకోవడమే మేలు. కొండప్రాంతపు విహార రిసార్టులకూ ఇదే వర్తిస్తుంది. బసచేసిన వారందరూ దిగే ఉమ్మడి ఈతకొలనులో నీటి ఆమ్ల, క్షార స్థితిని తెలిపే పీహెచ్ విలువ 7.8 దాటితే క్రిములను చంపే క్లోరిన్ బలం తగ్గుతుంది. హాట్ టబ్, అనగా పలువురు కూర్చుని సేదతీరే వేడినీటి తొట్టిలో, వేడికి క్లోరిన్ మరింత త్వరగా తరిగిపోతుంది కనుక నీటి పరీక్షలు తరచుగా జరగాలి. ఆ నీరు 40 డిగ్రీల సెల్సియస్ దాటరాదు, ఐదేళ్లలోపు పిల్లలను అందులో దింపనే కూడదు. బయానా ఇచ్చే ముందే పరీక్షల నమోదు పుస్తకాన్ని అడిగి చూడాలి. అడుగున నీరు బయటికి పోయే తూముపై ఉన్న జాలీమూత స్పష్టంగా కనబడని నీటిలో ఎవరూ దిగకూడదు.