పాంబన్ వంతెన క్రింద పడవ ప్రయాణము

రామేశ్వరయాత్ర చేసిన శ్రోతలకు పాంబన్ వంతెన చిరపరిచితమే. రైలు సముద్రముమీద సాగుచుండగా కిటికీలోనుండి నీటికి నమస్కరించినవారు మనలో పెక్కురు. కాని ఆ వంతెనను పడవలోనుండి చూచువారి సంగతి మనమంతగా తలపము. నేడు వారినిగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పాక్ అఖాతమునుండి మన్నారు సింధుశాఖకు పోవుటకు పాంబన్ కాలువ దగ్గరిదారి. కాకినాడనుండి కొచ్చికి బయలుదేరిన చిన్నపడవ ఈ దారిని విడిచినచో లంకాద్వీపమును చుట్టి పోవలసినదే. పెద్ద ఓడలు, ఇచ్చట లోతు చాలనందున, అట్లే చుట్టి పోవుచున్నవి.

1914లో ప్రారంభమైన పాత వంతెనలో, షెర్జర్ అను అమెరికా ఇంజనీరు కనిపెట్టిన పద్ధతిని అనుసరించి, రెండు రెక్కలు తలుపులవలె పైకి లేచెడివి. పనివారు చేతులతో యంత్రమును త్రిప్పి వానిని లేపుచుండిరి. 2022 డిసెంబరులో దానిపై రైళ్ళు నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన క్రొత్త వంతెనలో 72.5 మీటర్ల పొడవుగల భాగము విద్యుచ్ఛక్తితో 17 మీటర్ల ఎత్తునకు నిలువుగా లేచును. పాత రెక్కలు లేచినపుడు వాని నడుమ ఆకాశమే కనబడెడిది. ఇప్పుడు లేచిన భాగము తలపైననే నిలుచును. కనుక సరంగు తన కొయ్యస్తంభము ఎత్తును ముందుగా కొలిచి యుంచుకొనవలెను.

వంతెన లేచియున్నంతసేపు రైలు కదలరాదు. అందుచేత పడవలు రేవు కార్యాలయమున పేర్లు వ్రాయించుకొని, వేచియుండి, పిలుపు వచ్చినపుడు వరుసగా సాగును. ఇక్కడనే కాలమును లెక్కించు నేర్పు కావలెను.

ఈ కాలువలో నీరు ఊరక నిలువదు. నైరృతి ఋతుపవనకాలమున అది సాధారణముగా ఉత్తరమునకును, ఈశాన్య ఋతుపవనకాలమున దక్షిణమునకును పారును. ఒక ఉదాహరణము తీసికొందము. పడవ వేగము గంటకు 5 నావికమైళ్ళు, ప్రవాహవేగము 2 అనుకొందము. ప్రవాహముతో పోవు పడవకు 7 మైళ్ళ వేగము కలుగును. ఎదురీదు పడవకు 3 మాత్రమే మిగులును. అరమైలు దూరమును మొదటిది నాలుగు నిమిషములకు పైచిలుకున దాటగా, రెండవదానికి పది నిమిషములు పట్టును.

అట్లయిన ఇరువురును ఒకే దూరమున వేచియుండుట తగునా? తగదు. ఎదురీదువాడు యంత్రవేగమును తగ్గించి, ప్రవాహమునకు సరిగా నడపినచో, నిలిచినచోటనే నిలువగలడు. చుక్కాని అతని మాట వినుచునే యుండును. వాడు పావుమైలు వరకు దగ్గరకు వచ్చి వేచియుండవచ్చును. అప్పుడు దాటుటకు ఐదు నిమిషములు చాలును. ప్రవాహముతో వచ్చువానికి ఆ సౌకర్యము లేదు. వాడు ఆగదలచినను నీరు ఆగనీయదు. యంత్రమును వెనుకకు త్రిప్పినచో చుక్కాని పట్టు సడలును. పడవ అడ్డముతిరిగి స్తంభమునకు తగులవచ్చును. వాడు దూరమున లంగరువేసి, వంతెన కదలినది కదాయని తొందరపడక, పూర్తిగా లేచి నిలిచినదని సంకేతము అందిన పిదపనే బయలుదేరవలెను. ముందు వానికే దారి విడుచుట నావికమర్యాద.

లండనులో 1894లో ప్రారంభమైన టవర్ వంతెనవద్ద పద్ధతి వేరు. ఓడవారు 24 గంటల ముందు తెలిపినచో, రుసుము లేకయే వంతెన లేచును. బాటపైని బండ్లే ఆగవలెను. పాంబనులో రైలువేళలు చూచి పడవ ఆగుచున్నది. వేగముతో వచ్చు రైలును క్షణములో నిలుపలేము గనుక ఇదియు న్యాయమే.

అయితే, ఆగువానికి ఎంతసేపు ఆగవలెనో తెలియవలెను. వేచియున్న ప్రతి దినమును బెస్తవానికి ఇంధనము, తిండి, వేట మూడింటిలోను నష్టమే. వంతెన లేచు వేళను ముందుగా తెలుపుట దయ కాదు, ధర్మము. చెప్పిన వేళకు సిద్ధముగా నుండుట సరంగు ధర్మము. ఈ రెండును కుదిరిననాడు రైలును ఆలస్యము కాదు, పడవకును ప్రమాదము రాదు.