పాత సైనిక పిస్తోలు: విలువ కట్టు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఎద్దును కొనబోవు రైతు అంగడిలో ఏమి చేయునో ఇచటి వారికి చెప్పనక్కరలేదు. నోరు తెరచి పండ్లు చూచును, గిట్టలు చూచును, సుళ్ళు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. భూమి కొనువాడు పట్టాయు పహాణీయు చూడనిదే బయానా ఇయ్యడు. అట్టి జాగ్రత్తగల మనుష్యుని యెదుట నూనెగుడ్డలో చుట్టిన పాత పిస్తోలు నొకదానిని పెట్టినచో అతడు మారిపోవును. దళారి చెప్పు కథ వినును, నిగనిగలాడు లోహమును చూచును, చేత పట్టి బరువు చూచును, పైకము లెక్కపెట్టును. ఎద్దు విషయమున చూపిన బుద్ధిని పిస్తోలు విషయమున ఎట్లు చూపవలెనో తెలుపుటకే ఈ ఉపన్యాసము.

ఇట్టి బేరములు ఈ సీమలో పుట్టుటకు కారణము కలదు. నేడు పెక్కు జిల్లాలుగా విడిపోయిన పాత నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో ఆయుధముల కథ లేని గ్రామము అరుదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానములకు స్వంత సిబ్బంది యుండెడిది. వనపర్తి సంస్థానమున ఆఫ్రికా సిద్దీలతో ఏర్పడిన దళము పిదప నిజాము కొలువునకు చేరినది, హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేటకు ఆ పేరు ఆ దళము వలననే వచ్చినది. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు కూలిన నాటి నుండి, 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడు వరకు, నల్లగొండ జిల్లా ఆయుధముల నడుమనే బ్రదికినది. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా దేశపు వైమానికుడు కరాచీ నుండి విమానములలో నిజాము ప్రభుత్వమునకు ఆయుధములు చేరవేసెను. ఆ యేటి సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము ప్రవేశించి అయిదు దినములలో పని ముగించెను.

ఇంత చరిత్ర యున్నచోట దళారికి కథ వెదకుకొను శ్రమ లేదు. “ఇది రజాకారు దళపతిది”, “ఇది పోలీసు చర్యలో దొరకినది”, “ఇది సంస్థానము వారి ఇంటిది” అని మూడు కథలు సిద్ధముగా నుండును. కొనువాని వయస్సును, వాని తాతగారి పక్షమును బట్టి అందొకటి బయటికి వచ్చును. ఈ కథలకు ధర చెల్లించు ముందు ఒక సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆనాటి రైతుల చేతిలో ప్రధానముగా నుండినవి కఱ్ఱలు, వడిసెలలు, రోకళ్ళు, కారము, కొన్ని భర్మారు తుపాకులు. 1948 ఆగస్టు 27వ తేదీన బైరాన్‌పల్లి బురుజుపై నిలిచి పోరాడిన వారి చేతనుండినవియు గొట్టము మూతి నుండి మందు కూరు తుపాకులే. పిస్తోలు అధికారులకును, దొరలకును, కొందరు నాయకులకును మాత్రమే అందిన వస్తువు. నేడు కథలలో వినవచ్చు పిస్తోళ్ళన్నియు నిజమైనచో ఆ పోరాటము వేరొక రీతిని నడచియుండెడిది!

కథను పరీక్షించుటకు మొదటి సాధనము కాలము. ఆయుధముపైనున్న కార్ఖానా పేరు, సంఖ్య, ముద్రలు అది ఎప్పుడు పుట్టినదో చాలవరకు తెలుపును. ఉదాహరణమునకు జర్మనీ వారి వాల్తరు పిస్తోలు నమూనానే యుద్ధానంతరము ఫ్రాన్సులో మాన్యురిన్ అను కార్ఖానా వారు 1950ల ఆరంభము నుండి తయారు చేసిరి. మాన్యురిన్ పేరున్న పిస్తోలును “1948 నాటి రజాకారు ఆయుధము” అని అమ్మజూపువాడు అబద్ధమాడుచున్నాడు, లేదా తానే మోసపోయినాడు. కాలము సరిపోయినంత మాత్రమున కథ నిజమని కాదు. అసాధ్యము కాదని మాత్రమే దాని అర్థము. ఆ పిస్తోలు సంఖ్య వ్రాసియున్న పాత లైసెన్సు గాని, కొనుగోలు రసీదు గాని, సైన్యమునుండి విడుదల చేసిన పత్రము గాని యున్నచో కథకు కొంత ధర ఇయ్యవచ్చును. లేనిచో కథను ఉచితముగా విని, లోహమునకు మాత్రమే బేరమాడవలెను.

అయితే లోహమునకు ముందు చూడవలసినది చట్టము. పట్టా లేని భూమికి ఎంతో కొంత వెల యుండవచ్చునేమో గాని, కాగితము లేని పిస్తోలునకు వెల సున్న. కాదు, సున్నకంటెను తక్కువ. 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక పిస్తోలు నుంచుకొనువానికి రెండేండ్ల నుండి అయిదేండ్ల వరకు శిక్ష కలదు. నిషిద్ధ జాతి ఆయుధమైనచో 2019 సవరణ పిదప ఏడేండ్ల నుండి పదునాలుగేండ్లు. ఆ సవరణమే ఒక మనుష్యునికి రెండు తుపాకులకు మించి యుండరాదని నిర్ణయించెను. కావున ఇదివరకే రెండున్నవాడు మూడవ దానిని చూచి ముచ్చటపడుట వృథా.

ఇక్కడ చాలమందికి తెలియని చిక్కొకటి కలదు. పేరుమోసిన సైనిక పిస్తోళ్ళు, రివాల్వర్లలో హెచ్చు భాగము సామాన్యునకు నిషిద్ధములు. 1915లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన వెబ్లీ ఆరవ మార్కు రివాల్వరు .455 తూటాది, 1932 నాటి ఎన్‌ఫీల్డు రివాల్వరు.38 తూటాది, జర్మనీ సైన్యపు లూగరును, వాల్తరు పి.38యు తొమ్మిది మిల్లీమీటర్లవి. ఈ కొలతలవన్నియు నిషిద్ధ జాతిలో చేరినవి. వాటి లైసెన్సు కేంద్ర ప్రభుత్వము చేతిలోని పని. సామాన్య లైసెన్సు గలవాడు చట్టబద్ధముగా కొనదగిన పాత సైనిక పిస్తోలు చాలవరకు .32 కొలతది. బెల్జియము సైన్యము స్వీకరించిన 1900 నాటి బ్రౌనింగు, అమెరికా సైన్యములో జనరలు పదవిలోని వారికి ఇచ్చుచుండిన 1903 నమూనా కోల్టు, 1929లో వెలువడిన వాల్తరు పీపీ, మొదటి ప్రపంచ యుద్ధములో ఫ్రాన్సు సైన్యము స్పెయిను నుండి కొనిన రూబీ ఈ తరగతిలోనివి.

తూటా కొలతలోను మోసమునకును పొరపాటునకును తావు కలదు. ఐరోపా వారు 7.65 బ్రౌనింగు అనునదియు, ఇంగ్లీషు వారు .32 ఆటో అనునదియు ఒక్కటే తూటా. కాని 7.65 పారాబెల్లము అనునది లూగరు కొరకు చేసిన వేరు తూటా, 7.63 మౌజరు మరియొకటి. మన దేశమున కాన్పూరులో చేయు .32 రివాల్వరు తూటా కూడ పిస్తోలు .32 తూటా కాదు. ఒకటి మరియొకదానిలో పనిచేయదు. గొట్టముపై చెక్కిన అంకెను పూర్తిగా చదువక, “ముప్పదిరెండే కదా” అని కొనినవాడు తూటా దొరకని యినుప ముక్కను ఇంటికి తెచ్చుకొనును.

కాగితములు సరిపోయిన పిదప ఆయుధమును చేతికి తీసికొనవలెను. లైసెన్సు గల వర్తకుని దుకాణములోనే ఈ పని జరుగవలెను. మొట్టమొదట తూటాల పేటికను ఊడదీసి, స్లైడును వెనుకకు లాగి, తూటా గది ఖాళీగా నున్నదో లేదో కంటితో చూడవలెను. అమ్మువాడు “ఖాళీయే” యనిన మాటను ఎవ్వరును నమ్మరాదు. పేటిక తీసినను గదిలో ఒక తూటా మిగిలియుండుట వలన పోయిన ప్రాణములు లెక్కకు మిక్కిలి.

పిదప సంఖ్య. అది గీకివేయబడినదా, మరల చెక్కబడినదా? సంఖ్యను చెరిపిన ఆయుధమును అమ్ముటయు కొనుటయు నేరము. అక్కడనే బేరము ముగిసినది. సంఖ్య యున్నచో వేరు వేరు భాగములపై నున్న అంకెలు ఒక్కటిగా నున్నవో చూడవలెను. జర్మనీ సైన్యపు లూగరులో చిన్న చిన్న భాగములపై సైతము సంఖ్యలోని చివరి రెండంకెలు కొట్టెడివారు. అన్నియు కలిసిన దానికి ఒక ధర, నాలుగింటి నుండి కూర్చిన దానికి మరియొక ధర. రూబీ విషయమున ఇది ధరను మించిన సంగతి. స్పెయినులో పలు చిన్న కార్ఖానాలు వానిని చేసెను. ఒక కార్ఖానా తూటాల పేటిక మరియొక కార్ఖానా పిస్తోలులో సరిగా పట్టదు. పేటిక లేని రూబీ చౌకగా దొరకినదని సంతసించువాడు పేటిక కొరకు జన్మమంతయు వెదకవలసివచ్చును.

ముద్రలు చూచునపుడు ఆశను అదుపులో నుంచుకొనవలెను. బ్రిటిషు ప్రభుత్వపు సొత్తుపై బాణపు గుర్తుండును. రెండు బాణముల మొనలు ఎదురెదురుగా నున్నచో ప్రభుత్వము దానిని అమ్మివేసినదని అర్థము. జర్మనీ సైన్యము పరీక్షించి తీసికొనిన వానిపై గ్రద్ద ముద్రయు, దాని క్రింద సంఖ్యయు నుండును. ఈ ముద్ర ధరను పెంచును గనుకనే దొంగముద్రలు వెలసినవి. నీలిపూత పైనుండి కొట్టి, అంచున లోహము తాజాగా మెరయుచుండు ముద్రను అనుమానింపవలెను. ఇప్పటి పాకిస్తానులోని దర్రా ఆదమ్‌ఖేల్‌లో చేతితో చేయు నకళ్ళు ప్రసిద్ధములు. పనితనము మెచ్చదగినదే, కాని అక్షరములు వంకరగా నుండును, ఇంగ్లీషు మాట లొక్కొక్కచోట తప్పుగా నుండును. ఇంగ్లీషు బాగుగా చదువగల కుమారునో కుమార్తెనో వెంట తీసికొనిపోవుట ఇట్టి సమయమున తెలివైన పని.

ఇక మెరుగు. ఈ విషయముననే కొనువాడు హెచ్చుగా మోసపోవును. వెండి వలె మెరయు పాత పిస్తోలు మంచిదని మనవారి నమ్మకము. సైన్యములో వాడిన పిస్తోలుపై సాధారణముగా నుండినది ముదురు నీలిపూత. అది పిడికి దగ్గర, మూతి దగ్గర చేతి రాపిడికి అరిగి, గోధుమవన్నెకు తిరిగి యుండుట సహజము. దానిని రుద్ది, నికెలు పూసి, కొత్తదాని వలె చేసినచో చూపరికి అందము, ఎరిగినవానికి నష్టము. రుద్దుటలో అక్షరముల అంచులు మొద్దుబారును, మరమేకుల చుట్టును లోహము గిన్నె వలె పల్లమగును, మూలలు గుండ్రమగును. పూత క్రింద తుప్పు తిన్న గుంటలు దాగియుండవచ్చును. పాత ఇత్తడి బిందెను తోమిన వలెనే ఆయుధమును తోముట మేలని తలచిన మనుమలు తాతగారి పిస్తోలు వెలను తమ చేతులతోనే సగము చేసినారు.

గొట్టము లోపల మెలిదిరిగిన చాళ్ళుండును. గుండు వానిని పట్టుకొని సుడి తిరుగుచు వెడలును. ఊడదీసిన గొట్టమునకు వెనుక తెల్లకాగితము నుంచి వెలుతురులో చూచినచో ఆ చాళ్ళు పదునుగా నున్నవో అరిగినవో తెలియును. నడుమ నల్లని ఉంగరము వంటి నీడ కనబడినచో ఆ చోట గొట్టము ఉబ్బినదని గ్రహింపవలెను. అట్టి పిస్తోలును అలంకారమునకు తప్ప మరియొకదానికి తలపరాదు. రివాల్వరైనచో ట్రిగ్గరును లాగిపట్టి తూటాల చక్రమును కదల్చి చూడవలెను. వదులుగా ఊగుచున్నచో తూటా గది గొట్టమునకు సూటిగా నిలువదు. ఎనుబదేండ్ల స్ప్రింగులు కూడ ఎనుబదేండ్లవే. బాగుచేయువాని కూలి, స్ప్రింగుల ఖర్చు, పేటిక ఖర్చు ముందే లెక్కవేసి ధరలోనుండి తీసివేయవలెను.

ధర ఎంతయని అడుగువారికి అంకె చెప్పుట కుదరదు, గాని కొలబద్ద చెప్పవచ్చును. విదేశపు పుస్తకములలోని ధరలు ఇక్కడ పనికిరావు. 1980లలో విదేశీ చేతి తుపాకులను వ్యక్తులు తెప్పించుకొనుట నిలిపివేయబడిన నాటినుండి, దేశమునందు మిగిలిన పాత వాల్తరు, బ్రౌనింగు, కోల్టులు విదేశములలోని వెలకు పలుమడుగులు పలుకుచున్నవి. అది ఆయుధపు గొప్పతనము కాదు, కరవు. కావున కాన్పూరు కొత్త .32 రివాల్వరు వెలను ఒక ప్రక్క నుంచి, పాతదానికి అంతకు మించి ఎందుకు ఇయ్యవలెనని తన్ను తానే ప్రశ్నించుకొనవలెను. కాపాడుకొనుటకైనచో కొత్తదే మేలు. పంట పాడుచేయు అడవిపందుల కొరకని పిస్తోలు కొనుట మాత్రము నవ్వులపాటు. చరిత్ర కొరకైనచో పత్రములుండవలెను. అవి లేనిచో సాలార్జంగు మ్యూజియములోని ఆయుధములను చూచివచ్చుట చౌక.

ఒకే నమూనా వాల్తరు పిస్తోళ్ళు రెండు బల్లపై నున్నవనుకొందురు గాక. ఒకటి నికెలు పూతతో అద్దము వలె నున్నది. దానితో రజాకారు కథ కలదు, కాగితము లేదు, అక్షరములు మసకబారినవి. రెండవది అరిగి గోధుమవన్నెకు తిరిగినది, సంఖ్యలు కలిసినవి, గొట్టము శుభ్రము, పూర్వపు యజమాని లైసెన్సు నకలు ఉన్నది, కథ లేదు. మొదటిదానికి హెచ్చు ధర అడుగుదురు. రెండవదే కొనదగినది, హెచ్చు ఇచ్చియైనను.

ఇంటి అటకపై తాతగారి పిస్తోలు దొరకిన కుటుంబముల సంగతి వేరు. దానిని అమ్మజూపుటకు ముందు, దళారికి చూపుటకు ముందు, సమీప పోలీసు ఠాణాలో గాని లైసెన్సు గల వర్తకుని యొద్ద గాని అప్పగించి రసీదు తీసికొనవలెను. లైసెన్సుదారు మరణించినచో వారసులకు ఆ యాయుధమును అర్హునికి అమ్ముకొను హక్కు గడువులోపల చట్టమే ఇచ్చుచున్నది. మరమ్మతు చేసినను పేలని, వాడుక చెడిన పురాతన ఆయుధమునకు చట్టము మినహాయింపు నిచ్చినది. అది పేలదని నిర్ణయింపవలసినది అధికారులు, దళారి కాదు.

లైసెన్సుదారు మరియొక లైసెన్సుదారునకు అమ్ముటకును పద్ధతి కలదు. అమ్మదలచినట్లు జిల్లా మేజిస్ట్రేటునకు గాని, సమీప ఠాణా అధికారికి గాని వ్రాతమూలకముగా తెలిపి, నలుబదియైదు దినములు గడచిన పిదపనే ఆయుధము చేతులు మారవలెను. “వేరొకడు వచ్చుచున్నాడు, ఈ రాత్రికే తేల్చుడు” అని తొందరపెట్టు దళారికి చెప్పుటకు ఆ నలుబదియైదు దినముల మాట చాలును.