పరుగు ప్రణాళికలో ఇంటిచాకిరీ లెక్క

(సికింద్రాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభలో పరుగు గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. అంటే పరుగు మనకు ఉపాధి ప్రశ్న కూడా.

ఇదే 800 మీటర్లను 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు పరుగెత్తారు. ఆడవాళ్ళ శరీరం తట్టుకోలేదంటూ ఆ తర్వాత తీసేశారు. మళ్ళీ 1960లోగాని పెట్టలేదు. మన శరీరాలను ఇతరులు తప్పుగా లెక్కవేయడం కొత్త కాదు.

ఇప్పుడు శిక్షణ ప్రణాళికలు ఫోన్లలోకి, చేతిగడియారాల్లోకి వచ్చాయి. మన వేగాన్నీ, గుండె కొట్టుకునే తీరునూ చూసి వచ్చే వారం పరుగును సవరిస్తాయి. అందరికీ ఒకే పట్టిక ఇవ్వడం కంటే ఇది నయమే. కానీ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో సాధన చేసే ఒకమ్మాయి నాతో అంది: "నాలుగు రోజులు పోలేదు మేడమ్. ఫోనేమో విశ్రాంతి అని రాసుకుంది. అత్తమ్మకు జ్వరం. నీళ్ళు మోసుడు, వంట, అన్నీ నేనే."

ఆ నాలుగు రోజుల చాకిరీ ఏ లెక్కలోకి వచ్చింది? 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. పురుషులు 97 నిమిషాలే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలు అనే ముందు రక్తపరీక్ష చేయించాలి కదా!

కాబట్టి మన ప్రణాళిక "ఎన్ని కిలోమీటర్లు?" అని కాక, "నీకు అరగంట ఎప్పుడు దొరుకుతుంది?" అని మొదలవాలి. మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చాలు. ఎక్కువ రోజులు మాట్లాడగలిగేంత నెమ్మదిగానే పరుగెత్తాలి. వారం తప్పితే దాన్ని ఒక్కరోజులో పూడ్చకూడదు, ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కాలి. నెలసరి రోజుల్లో ఎంత చేయాలో ఆమే నిర్ణయించుకోవాలి.

మిగతాది ఏ గడియారమూ సవరించలేదు. మైదానంలో దీపాలు, మరుగుదొడ్డి, తోడుగా పరుగెత్తే నలుగురు, ఆ అరగంట పిల్లల్ని చూసే మనిషి కావాలి. అదే నియామకాల్లో గర్భిణులు ముందు రాతపరీక్ష రాసి, శారీరక పరీక్షకు తర్వాత హాజరయ్యే వీలు కల్పించారు. అంటే స్త్రీల జీవితాన్ని బట్టి నిబంధన మారగలదు.

ఇంతకాలం సర్దుకుపోయింది మనమే. ఇకమీదట ఇల్లూ, వీధీ, ప్రభుత్వమూ కూడా సర్దుకోవాలని అడుగుదాం. ఆ అరగంట మన హక్కు.