పుట్టినింటి పేరు, పెంచినింటి పేరు, మెట్టినింటి పేరు

ఉండి, ఆకివీడు, గణపవరం వైపు నుంచి, తాడేపల్లిగూడెం, ఏలూరు నుంచి, అటు కొల్లేటి లంక గ్రామాల నుంచి వింటున్నవాళ్ళలో అక్కచెల్లెళ్ళు ఈ మాటలు ఇంకాస్త శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. మగపిల్లాడికి సాధారణంగా దత్తత పోతేనే ఇంటిపేరు మారుతుంది. ఆడపిల్లకి దత్తతతో ఒకసారి, పెళ్ళితో ఇంకోసారి మారుతుంది. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో జరిగితే కాగితాల్లో ఆమె ముగ్గురు మనుషులవుతుంది.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పేరు వెంకటలక్ష్మి అనుకోండి. ఉండి మండలంలో పుట్టింది. పెద్దమ్మకి పిల్లలు లేరు. అందుకని మూడో ఏట పురోహితుణ్ణి పిలిచి, పెద్దమనుషుల ముందు పెద్దమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి ఇచ్చేశారు. భోజనాలు పెట్టారు, ఫొటోలు తీశారు. కాగితం మాత్రం రాసుకోలేదు. పంచాయతీ జనన రిజిస్టరులో కన్నతండ్రి పేరుంది. కైకలూరు దగ్గర బళ్ళో వేసినప్పుడు పెంచిన తండ్రి పేరు, ఆయన ఇంటిపేరు రాయించారు. పదో తరగతి సర్టిఫికెట్టూ అలాగే వచ్చింది. తర్వాత తాడేపల్లిగూడెం సంబంధం. ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరింది. పాన్ కార్డు తీసుకునేటప్పుడు ఎవరో ఫారం నింపి పెట్టారు. అందులో తండ్రి గడిలో కన్నతండ్రి పేరు వచ్చి కూర్చుంది. ఇంతలో పెంచిన తండ్రి కాలం చేశారు. ఆయన పేరు మీదున్న పొలం తన పేరుకి మార్చుకోవాలని వెళితే, ‘నువ్వు ఆయన కూతురివని ఏమిటి ఆధారం?’ అని అడుగుతున్నారు.

ఆ అమ్మాయి ఎక్కడా అబద్ధం చెప్పలేదండి. ఏ కాగితం చూసినా అందులో కొంత నిజం ఉంది. లేనిదల్లా ఈ పేర్లను కలిపే కాగితం.

మన దగ్గర ఇక్కడే తొందరపడతారు. ముందు ఆధార్ మార్చేద్దాం, దాన్ని బట్టి మిగతావన్నీ మార్చేద్దాం అనుకుంటారు. అలా చెయ్యకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పుట్టినతేదీ ఒక్కసారే. ఆ అవకాశాలు ముందే వాడేసుకుంటే ఆ తర్వాత గెజిట్ ప్రకటనలూ, ఆధార్ ప్రాంతీయ కార్యాలయానికి అర్జీలూ తప్పవు. ముందు సంపాదించాల్సింది, ఈ పేరు నుంచి ఆ పేరుకి ఎలా వచ్చారో చెప్పే కాగితం. రెండు ఒడ్లని కలిపే బల్లకట్టు లాంటిదది. దత్తతకి అది దత్తత దస్తావేజు. పెళ్ళికి వివాహ ధ్రువపత్రం. ఈ రెండూ చేతిలో ఉంటే మిగతా కార్డులన్నీ ఒక వరసలో సరిచేసుకోవచ్చు.

దత్తత సంగతి కొంచెం వివరంగా చెబుతాను. చిక్కంతా అక్కడే ఉంది.

హిందువులకి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం దత్తతకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కన్నవాళ్ళు బిడ్డని ఇవ్వటం, పెంచుకునేవాళ్ళు తీసుకోవటం, ఈ రెండూ నిజంగా జరిగి ఉండాలి. అదే ప్రాణం. బిడ్డకి 15 ఏళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు. దీనికి మినహాయింపుగా కులాచారం ఉందనేవాళ్ళు దాన్ని నిరూపించుకోవాలి. ఆడపిల్లని మగవాడు దత్తత తీసుకుంటే ఇద్దరి మధ్యా 21 ఏళ్ళ తేడా ఉండాలి. కూతురు గానీ, కొడుకు కూతురు గానీ బతికి ఉన్నవాళ్ళు ఈ చట్టం కింద ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోవటం చెల్లదు. భార్యాభర్తల్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఇవ్వటానికీ తీసుకోవటానికీ వీల్లేదు. బిడ్డని ఇచ్చినందుకు డబ్బు పుచ్చుకోవటం నేరం.

మరి రిజిస్ట్రేషన్ అక్కర్లేనప్పుడు దస్తావేజు ఎందుకు? అదే చట్టంలో 16వ సెక్షన్ ఉంది. ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు ఇద్దరూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించిన పత్రం ఉంటే, దత్తత చట్టప్రకారం జరిగిందనే కోర్టు భావించి మొదలుపెడుతుంది. కాదనేవాడు కాదని రుజువు చెయ్యాలి. పత్రం లేకపోతే ఆ బరువంతా మీ మీదే పడుతుంది. పురోహితుడు ఉన్నాడా, ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్ళెవరు, ఫొటోలో బిడ్డ ఎవరి ఒళ్ళో ఉంది, ఇవన్నీ ముప్ఫై ఏళ్ళ తర్వాత సాక్షుల్ని పెట్టి చెప్పించుకోవాలి. అప్పటికి ఆ సాక్షులుంటారా?

దత్తత పోయిన రోజు నుంచి ఆ బిడ్డ పెంచినవాళ్ళ బిడ్డే అంటుంది 12వ సెక్షన్. కన్నవాళ్ళింట్లో వాటా పోతుంది. దత్తతకి ముందే తన పేరున సంక్రమించిన ఆస్తి ఏదైనా ఉంటే అది మాత్రం తనదే. అందుకే తండ్రి గడిలో ఏ పేరుందన్నది అక్షరదోషం లాంటి చిన్న సంగతి కాదు. రేపు దాయాదులు వెంకటలక్ష్మి పాన్ కార్డునే కోర్టులో పెట్టి, ‘ఈమే కన్నతండ్రి పేరు రాసుకుంది, ఇంకెక్కడి దత్తత?’ అనవచ్చు. పెంచినింటికీ, పుట్టినింటికీ దేనికీ కాకుండా పోయిన ఆడపిల్లల బాధ చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

దత్తతతో వచ్చిన ఇంటిపేరుకి మన సాహిత్యంలోనే గొప్ప గుర్తుంది. మహాకవి శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో. శ్రీరంగం సూర్యనారాయణగారికి దత్తత వెళ్ళటం వల్ల ఇంటిపేరు శ్రీరంగం అయింది. తెలుగువాళ్ళంతా తలుచుకునే ఆ రెండక్షరాల్లో మొదటిది దత్తత తెచ్చినదే. ఆ కాలంలో ఊరంతా ఎరిగి ఉంటే చాలేది. ఇప్పుడు కంప్యూటర్‌కి ఊరివాళ్ళ ఎరుకతో పని లేదు.

దత్తత ఎప్పుడో జరిగిపోయింది, కాగితం లేదు, ఏం చెయ్యాలి అని చాలామంది అడుగుతారు. ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ బతికే ఉంటే, ఫలానా రోజున ఫలానా చోట దత్తత జరిగిందని ఒప్పుకుంటూ ఇప్పుడైనా పత్రం రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు. జరిగిన తేదీనే రాయండి. ఈరోజే దత్తత ఇచ్చినట్టు రాయించకండి, ఎందుకంటే ఈరోజుకి ఆ అమ్మాయికి 15 దాటిపోయాయి, పెళ్ళి కూడా అయిపోయింది. అలా రాస్తే చెల్లాల్సిన దత్తత కాస్తా చెల్లకుండా పోతుంది. ఒక వైపు వాళ్ళు చనిపోయి ఉంటే సివిల్ కోర్టులో ప్రకటన కోరుతూ దావా వెయ్యాల్సి రావచ్చు. ఆలస్యం అవుతుంది గానీ దారి ఉంది.

ఇల్లరికం వేరు, దత్తత వేరు. ఇల్లరికం వచ్చిన అల్లుడు మామగారింట్లో ఉన్నా తన తండ్రి కొడుకే, తన ఇంటిపేరు తనదే. అత్తవారి ఇంటిపేరు కాగితాల్లో రాయించుకుని చిక్కుల్లో పడొద్దు.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాల వారికి 1956 చట్టం వర్తించదు. వాళ్ళు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు. మతంతో పని లేకుండా ఎవరైనా ఆ దారిలో వెళ్ళవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే, దీనికి ముందున్న చట్టం మీద, షబ్నం హష్మీ కేసులో చెప్పింది. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వులు ఇచ్చేది జిల్లా కలెక్టరు. చుట్టాల బిడ్డ అయినా సరే, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళండి. నోటరీ స్టాంపు మీద రాసుకున్న కాగితం అక్కడ దత్తత కాదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని పెంచుకోబోయేవాళ్ళకే పుట్టినట్టు నేరుగా జనన రిజిస్టరులో రాయించేస్తున్నారు. ప్రేమతోనే చేస్తారు, పెద్దయ్యాక బిడ్డకి తెలియకూడదని చేస్తారు. కానీ అది తప్పుడు నమోదు. దాని మీద నిలబెట్టిన ప్రతి కాగితమూ ఏదో ఒక రోజు కూలుతుంది, అది కూలేది ఆ బిడ్డ నెత్తిమీదే. దస్తావేజు రాసుకుంటే జనన రిజిస్టరులో దత్తత తల్లిదండ్రుల పేర్లు చట్టబద్ధంగా నమోదు చేయించుకునే వీలుండగా ఆ పని ఎందుకు? రిజిస్టరైన దస్తావేజుతో వెళ్ళినా కోర్టు డిక్రీ తెమ్మంటే, అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, కుదరదంటే కారణం కూడా రాతపూర్వకంగా ఇమ్మనండి. నోటిమాట మీద వెనక్కి రాకండి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడిలో చేరికకీ, పాస్‌పోర్టుకీ, ఓటుకీ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. వాళ్ళ విషయంలో మొదటి కాగితమే సరిగ్గా ఉండాలి.

జనన పత్రం తర్వాత బడి. పదో తరగతి సర్టిఫికెట్టు ఒకసారి చేతికొచ్చాక అందులో పేరు మార్చటం చాలా కష్టం. బడి రికార్డులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్టులో తప్పు పడితేనే దిద్దించుకోవటం తేలిక. అందుకని పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందే ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి చూసుకోండి. ఇప్పుడు విద్యార్థులకిచ్చే అపార్ నంబరు కోసం ఆధార్‌లో పేరూ బడిలో పేరూ సరిపోల్చుతున్నారు. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. విసుక్కోకండి, పిల్లకి పదేళ్ళప్పుడు దిద్దించటం ముప్ఫై ఏళ్ళప్పుడు దిద్దించటం కంటే ఎంతో నయం. స్పెల్లింగ్ కూడా చూడండి. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకచోట కె-ఎస్-హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తే మనకి ఒకటే గానీ బ్యాంకుకి ఇద్దరు.

ఇక పెళ్ళి. పెళ్ళైతే భార్య ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పటం లేదు. చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ ఒక పేరుతో ఉన్న ఆడపిల్లకి నా సలహా, మార్చుకోకమ్మా అనే. అత్తవారి మీద గౌరవం కార్డు మీదే చూపించనక్కర్లేదు. మార్చుకోవాలనుకుంటే మాత్రం వివాహ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. మన రాష్ట్రంలో 2002లోనే దీనికి చట్టం వచ్చింది, దేశమంతటా చెయ్యాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. పెళ్ళై ఇరవై ఏళ్ళైనా సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు. అక్కడ చాలామంది తెలియక చేసే పొరపాటు ఏమిటంటే, పెళ్ళికూతురి పేరు దగ్గర అప్పుడే భర్త ఇంటిపేరు రాయించేస్తారు. అలా రాస్తే ఆ పత్రం పాత పేరుకీ కొత్త పేరుకీ సంబంధం చూపించదు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు, దత్తత తండ్రి పేరు రాయించండి.

దత్తత పత్రం, వివాహ పత్రం రెండూ వచ్చాక ఆధార్‌కి వెళ్ళండి. ఆ తర్వాత పాన్. పాన్‌లో పెళ్ళైన ఆడవాళ్ళకి కూడా తండ్రి పేరే అడుగుతారు, భర్త పేరు రాయకూడదు. దత్తత పోయినవాళ్ళు దత్తత తండ్రి పేరు రాయాలి. పేరు మారిందని కొత్త పాన్‌కి దరఖాస్తు పెట్టకండి. రెండు పాన్‌లుంటే 10,000 రూపాయల జరిమానా ఉంది. ఉన్నదానికే సవరణ పెట్టండి, నంబరు మారదు. ఓటరు జాబితాకి ఫారం 8. బ్యాంకు, రైస్ కార్డు, పొలం పాస్‌బుక్కు ఆధార్ చూసి సరిచేస్తారు.

గల్ఫ్‌కి వెళ్ళే అక్కచెల్లెళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలెయ్యకండి. 2022 నవంబరులో యు.ఏ.ఇ. ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని రానివ్వబోమని ప్రకటించాక ఎంతమంది కంగారుపడ్డారో గుర్తుందా? భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళేముందే మిగతా కాగితాలు ఒక దారికి తెచ్చుకోండి.

‘ఫలానా వెంకటలక్ష్మి, ఫలానా వెంకటలక్ష్మి ఇద్దరూ ఒకరే’ అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకుంటే చాలు కదా అంటారు. స్పెల్లింగ్ తేడాకి, ఇనీషియల్ తేడాకి చాలాచోట్ల సరిపోతుంది. తండ్రి ఎవరన్న ప్రశ్నకి సరిపోదు. పూర్తిగా వేరే పేరే ఉంటే గెజిట్‌లో ప్రకటన ఇచ్చుకోవాలి. ఇంటర్నెట్ సెంటర్లో కార్డు మీద అక్షరాలు మార్చి ప్రింటు తీసిస్తామనే వాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు, అది ఫోర్జరీ. పాత కార్డులు, పాత టీసీ, పెళ్ళి శుభలేఖ, దత్తత నాటి ఫొటో దేన్నీ చించెయ్యకండి. రేపు సాక్ష్యం అవే.

ఇది వింటున్నవాళ్ళలో కాగితం లేకుండా దత్తత పోయినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. కన్నతల్లిదండ్రులు, పెంచిన తల్లిదండ్రులు సంతకం పెట్టగలిగే స్థితిలో ఉన్నారా? అయితే పండగ వెళ్ళాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం అని జరపకండి. దస్తావేజు రాయటం తెలిసిన లాయరుతో ముసాయిదా రాయించండి. రెండు వైపులవాళ్ళూ, దత్తత నాడు అక్కడున్న ఇద్దరు సాక్షులూ తమ తమ ఆధార్ కార్డులూ, ఫొటోలూ పట్టుకుని కలిసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళండి. మంచం మీదున్న పెద్దవాళ్ళు రాలేకపోతే, ఇంటికే వచ్చి సంతకం తీసుకోమని సబ్ రిజిస్ట్రార్‌ని అడిగే హక్కు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. దానికి వేరే అర్జీ, కొంత ఫీజు ఉంటాయి. రిజిస్టరయ్యాక నకళ్ళు తీయించి ఒకటి కన్నవాళ్ళింట్లో, ఒకటి పెంచినింట్లో ఉంచి, అసలు పత్రం మీ దగ్గర పెట్టుకోండి.