ఆకాశం మీద పెత్తనం ఎవరిది?

(పుట్టపర్తిలో కూలీలు, చిన్న రైతుల సభలో చేసిన ప్రసంగం)



మనది కరువు సీమ. ఏడాదికి పడే వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. అదునులో పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. మనోళ్ళకు దక్కిన డి-పట్టా భూములు గుట్టల పక్కవి. బోరు లేదు, వానే దిక్కు. అందుకే మోడం మాట మనకు కూటి మాట.

2003 తర్వాత కొన్నేండ్లు మన సీమలో మేఘమథనం చేసినారు. విమానాలు మోడాల్లో మందు చల్లినాయి. మనం తలెత్తి చూసినాం. కురిసిన దాంట్లో మందు వాన ఎంత, మామూలు వాన ఎంత? మనం అడగలేదు. అది మన తప్పే.

ఇప్పుడు అంతకన్నా పెద్ద మాట వస్తోంది. బొగ్గు, పెట్రోలు పొగతో భూమి కాగుతోంది. ఎండనే కొంత వెనక్కు తిప్పికొడితే ఎట్లుంటుందని శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి గంధకం పైకెగిస్తే భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. ఆ పని మనుషులే విమానాలతో చేయడమన్న మాట.

చల్లబడితే మంచిదే కదా అంటారు. ఎండకు ముందు పడిపోయేది ఉపాధి పనిలో గుంత తవ్వే మనోళ్ళే, నిజమే. కానీ ఎండతో పాటు వానలూ మారొచ్చు. ఉత్తరార్ధగోళంలోనే చల్లితే ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతానికి కరువు రావచ్చని 2013లో శాస్త్రవేత్తలే లెక్కగట్టినారు. పొగ తగ్గించకుండా ఏండ్ల తరబడి చల్లి, నడుమ ఆపితే అణిగిన వేడి ఒక్కసారి ఎగదన్నుతుంది.

మేము బడిపంతుళ్ళం, సైన్సును కాదనం. కరువు మన కర్మ కాదని చెప్పింది సైన్సే. బెంగళూరు ఐఐఎస్సీలో కంప్యూటర్లతో ఈ లెక్కలు వేస్తున్నారు. వేయాల్సిందే. ఆ లెక్క తెలుగులో మన పల్లెకూ రావాల్సిందే.

2021లో స్వీడన్‌లోని కిరునాలో హార్వర్డ్ వాళ్ళు బెలూన్ ఎగరేయబోయినారు. మందు లేదు, పరికరాల పరీక్షే అన్నారు. మమ్మల్ని అడగకుండా ఎట్లా అని సామీ ఆదివాసులు నిలదీసినారు. ఆగిపోయింది. 2024లో ఆ ప్రయోగాన్నే మానుకున్నారు. అడిగితే ఆగుతుంది!

మన డిమాండ్లు నాలుగు. ఒకటి, మన నెత్తిన ఏ ప్రయోగం చేయాలన్నా ముందు గ్రామసభలో తెలుగులో చెప్పి ఒప్పించాలి. రెండు, డబ్బు ఎవరిది, ఫలితం ఏమిటి అన్నది, చెడ్డదైనా సరే, బయటపెట్టాలి. ఆపే అధికారం ప్రయోగం చేసేవాళ్ళ చేతిలోనే ఉండకూడదు. ఆ కమిటీలో మనకూ కుర్చీ ఉండాలి. మూడు, నష్టమొస్తే పరిహారం పట్టాదారుకే కాదు, కౌలుదారుకూ కూలీకీ ఇవ్వాలి. నాలుగు, దీన్ని చూపించి పొగ తగ్గించే పని ఎగ్గొట్టకూడదు.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్ళు దోసిట పట్టినాడు. ఊరుమ్మడి చెరువు మీద కొందరి పెత్తనం చెల్లదన్నాడు. ఆకాశం అందరి ఉమ్మడి చెరువు. గట్టు మీద ఎవరో కాపలా కూర్చున్నాక కొట్లాడడం కంటే, ఇప్పుడే అడుగుదాం.

జై భీమ్!