విమానము రద్దయినచో ప్రయాణికునకు రావలసినది



విమానప్రయాణము పట్టణములలోని ధనికుల వ్యవహారమని తలచుకాలము గతించినది. గోదావరి తీరమునను, కరీంనగరు ప్రాంతమునను అమెరికాలోనో, జర్మనీలోనో, దుబాయిలోనో పిల్లలున్న ఇండ్లు కొన్నియైనను లేని గ్రామము అరుదు. మనుమని చూడబోవు తాతగారును, కాశీయాత్రకు పోవు దంపతులును నేడు విమానమెక్కుచున్నారు. బస్సు రాకున్నచో డిపోలోనికి పోయి గట్టిగా నడుగనేర్చిన పెద్దలే విమానము రాకున్నప్పుడు మాత్రము నోరు మెదపరు. ఆ గాజుగోడలును, ఆ యింగ్లీషు ప్రకటనలును చూచి సంకోచింతురు. ఈ సంకోచమువలన చట్టప్రకారము తమకు రావలసిన ధనము నెందరో వదలుకొనుచున్నారు. ఆ ధనమును గూర్చియే నేడు ప్రసంగింపదలచితిని.

ముందుగా ఒక భేదమును గ్రహింపవలెను. విమానము రద్దయినప్పుడు టిక్కెట్టు సొమ్ము తిరిగి యిచ్చుట వేరు, నష్టపరిహార మిచ్చుట వేరు. మొదటిది మన సొమ్మే మనకు వచ్చుట. రెండవది మనము పడిన యిబ్బందికి కంపెనీ చెల్లించునది. కంపెనీవారు సాధారణముగా మొదటిదానిని గూర్చి మాటలాడుదురు. రెండవదానిని మన మడుగనిదే వారంతట వారు తలపెట్టుట అరుదు.

మనదేశమున పౌరవిమానయాన శాఖ డైరెక్టరు జనరలు కార్యాలయము 2010 ఆగస్టులో ఈ విషయమై నిబంధనలను చేసినది. అవి తరువాత సవరింపబడినవి. వాని ప్రకారము విమానము రద్దగుచున్నదని కంపెనీ రెండు వారములు ముందుగా తెలుపవలెను. అంతకంటె ఆలస్యముగా, కాని బయలుదేరుటకు ఇరువదినాలుగు గంటలు ముందుగానైనను తెలిపినచో, మరియొక విమానముననో, టిక్కెట్టు సొమ్మునో మన యిష్టానుసారము ఇచ్చిన చాలును. ఆమాత్రము ముందుగానైనను తెలుపనప్పుడే నష్టపరిహారపు ప్రశ్న పుట్టును. అప్పుడు కంపెనీ మనకు సమ్మతమైన వేరొక విమానమునైనను చూపవలెను, లేదా టిక్కెట్టు సొమ్ము యావత్తును తిరిగి యిచ్చి, దానికి తోడు పరిహారమునైనను చెల్లింపవలెను.

ఈ రెండింటి నడుమనున్న ‘లేదా’ అను మాటను చక్కగా గుర్తుంచుకొనుడు. విమానాశ్రయములో ఉద్యోగి మీకడకు వచ్చి, “రేపు ఉదయపు విమానములో పంపెదము, సరేనా?” అని మర్యాదగా నడుగును. మీరు సరేయన్నచో పరిహారమునకు దారి చాలవరకు మూసికొనిపోవును. పెండ్లికి పోవలసియున్నవారికి, ఆసుపత్రిలో బంధువున్నవారికి మరియొక విమానమే మేలు. అట్టివారు సంతోషముగా నంగీకరింపవచ్చును. తొందర లేనివారు మాత్రము క్షణకాల మాలోచించి బదులు చెప్పవలెను. వేచియుండవలసిన సమయములో ఫలహారము, భోజనము పెట్టించు బాధ్యత కంపెనీదే. దానిని దయాభిక్షగా భావింప బనిలేదు.

ఇక మొత్తము సంగతి. విమానము కదలినది మొదలు గమ్యస్థానమున నిలుచువరకు పట్టు కాలము ఒక గంటకు లోబడినచో 5,000 రూపాయలు, రెండు గంటలకు లోబడినచో 7,500, అంతకు మించినచో 10,000. అయితే ఇందొక చిక్కు గలదు. ఈ సంఖ్యకును, మీ టిక్కెట్టులోని మూలధరకు ఇంధనపు రుసుము కలుపగా వచ్చిన మొత్తమునకును పోల్చి, ఏది తక్కువయో అదియే యిత్తురు. విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు ప్రయాణము ఒక గంటకు మించి, రెండు గంటలకు లోబడినది. మీ టిక్కెట్టులో మూలధరయు, ఇంధనపు రుసుమును కలిసి 4,200 అనుకొనుడు. అప్పుడు మీకు వచ్చు పరిహారము 7,500 కాదు, 4,200 మాత్రమే. టిక్కెట్టు సొమ్ము దీనికి వేరుగా వచ్చును. చవుకగా కొన్నవానికి పరిహారము గూడ చవుకయే! ఇది న్యాయమని నాకు తోచదు. ఎంతకు కొన్నను విమానాశ్రయములో పడిగాపులు పడుట అందరికి నొక్కటియే గదా. కాని ప్రస్తుత నియమ మది.

పల్లెలలోని పెద్దలకు ముఖ్యముగా మనవి చేయవలసిన దింకొకటి యున్నది. టిక్కెట్టు కొనునప్పుడు సరియైన ఫోను నంబరు మొదలగు వివరముల నీయనివారికి పరిహారము చెల్లింప నక్కరలేదని నిబంధనలు చెప్పుచున్నవి. మనవారి టిక్కెట్టులు పట్టణములోని ఏజంటో, దూరదేశములోనున్న కుమారుడో కొనుచుందురు. అందు ఏజంటు నంబరో, కుమారుని నంబరో యుండును. విమానము రద్దయినదన్న కబురు ఆ నంబరునకు పోవును. అచ్చట కుమారుడు నిద్రించుచుండును. ఇచ్చట తండ్రి తెల్లవారుజామున కారు కట్టించుకొని శంషాబాదు చేరును. “మేము నిన్ననే తెలిపితిమి” అని కంపెనీవా రందురు. కాగితముమీద వారి మాటయే నెగ్గును. కావున టిక్కెట్టు ఎవరు కొన్నను మీ చేతిలోనుండు ఫోను నంబరును అందు వ్రాయించుకొనుడు. ఇందుకు దమ్మిడీ ఖర్చు లేదు.

పరిహారము ఎగవేయుటకు కంపెనీవారికి నిబంధనలలోనే ఒక ద్వారము గలదు. రద్దునకు కారణము తమ చేతిలో లేనిదైనచో చెల్లింప నక్కరలేదు: వరదలు, ప్రకృతివైపరీత్యములు, అల్లరులు, ప్రభుత్వాజ్ఞలు, సమ్మెలు మొదలగునవి. ఇది సబబే. ఢిల్లీలో పొగమంచు క్రమ్మినచో అందుకు కంపెనీ యేమి చేయగలదు? 2007 డిసెంబరులో ఢిల్లీనుండి హైదరాబాదునకు రావలసిన ఒక ప్రయాణికుడు పొగమంచు కారణముగా చాల గంటలు విమానములోనే కూర్చుండవలసివచ్చెను. హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలతు అతనికి 10,000 రూపాయల పరిహారమును, ఖర్చులును ఇప్పించెను. సుప్రీంకోర్టు 2011లో ఆ తీర్పును కొట్టివేసెను; పొగమంచు కంపెనీ తప్పు కాదనెను. అయినను తక్కువధరల కంపెనీ యైనంతమాత్రమున ప్రయాణికులకు కనీస సౌకర్యములు చూడవలసిన బాధ్యత తప్పదని గూడ చెప్పెను. హైదరాబాదు అదాలతునకు ఆ వ్యాజ్యమును విచారించు నధికారము లేదన్న కంపెనీ వాదమును సైతము త్రోసివేసెను. ఓడినవాని వ్యాజ్యమువలన తరువాతివారికి మేలు కలుగుట యిట్లే.

పొగమంచు వేరు, ఏర్పాట్ల లోపము వేరు. 2025 డిసెంబరు మొదటివారములో ఇండిగో కంపెనీ విమానములు దేశమంతట వేలసంఖ్యలో రద్దయినవి. విమానచోదకుల విశ్రాంతిని గూర్చి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. అందుకు తగిన యేర్పాట్లు ముందుగా జరుగలేదు. అప్పుడు కంపెనీ నిబంధనల ప్రకారము 5,000 మొదలు 10,000 వరకు పరిహారమును, మిక్కిలి నష్టపడినవారికి అదనముగా 10,000 రూపాయల ప్రయాణపు వోచర్లను ఇత్తుమని ప్రకటించెను. కావున రద్దునకు కారణమేమియో వ్రాతమూలకముగా అడిగి తీసికొనుట మీ వ్యాజ్యమునకు ప్రాణము. ‘కార్యనిర్వహణ కారణములు’ అని వారు వ్రాసియిత్తురు. ఆ మాటకు అర్థమే లేదు. ఏ కారణమని మరల నడుగుడు.

టిక్కెట్టు సొమ్మును నగదుగా గాక, కంపెనీ ఖాతాలోనే నిలువయుంచి మరియొక ప్రయాణమునకు వాడుకొనుడని గూడ చెప్పుచుందురు. అట్లు నిలువయుంచుట ప్రయాణికుని ఇష్టమేగాని కంపెనీ యిష్టము కాదని నిబంధన. ఏడాది కొకమారైనను విమానమెక్కని వృద్ధునకు ఆ నిలువ యెందులకు?

విదేశములకు పోవువారికి ఒక్క మాట. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన శాసనము మన నిబంధనలకంటె ఉదారమైనది. ఐరోపా సమాఖ్య దేశములనుండి బయలుదేరు ఏ విమానమునకైనను, ఐరోపా కంపెనీ విమానమైనచో హైదరాబాదునుండి అచ్చటికి పోవుదానికి గూడ, అది వర్తించును. దూరము 3,500 కిలోమీటర్లు మించినప్పుడు పరిహారము 600 యూరోలు, టిక్కెట్టు ధరతో నిమిత్తము లేదు. అమెరికాలోని ప్రయాణములకు అట్టి పరిహారశాసనము లేదు. రద్దైన టిక్కెట్టు సొమ్ము తిరిగి యిచ్చుట మాత్రమే విధి.

అడుగు విధానము కష్టమైనది కాదు. టిక్కెట్టును, రద్దయినదని వచ్చిన సందేశమును, భోజనమునకును బసకును పెట్టిన ఖర్చుల రసీదులను భద్రపరుపుడు. మొదట కంపెనీకే వ్రాసి, ఫిర్యాదు సంఖ్యను పుచ్చుకొనుడు. బదులు రానిచో 1915 అను నంబరునకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. అప్పటికిని ఫలింపకున్నచో జిల్లా వినియోగదారుల కమిషను గలదు. 2019నాటి చట్టము ప్రకారము కంపెనీ ప్రధానకార్యాలయ మెచ్చటనున్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన ధర అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనకయే స్వయముగా చెప్పుకొనవచ్చును. గడువు మాత్రము రెండు సంవత్సరములు. విమానము రద్దయిన తేదీని టిక్కెట్టు వెనుక వ్రాసియుంచుడు.